రాయికి తొంభై అయిదు మార్కులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలా తక్కువగా ఉండేవి. ఇరవై ఏళ్ళు గడిచేసరికి అవి బాగా పెరిగాయి. పెరగడానికి కారణమైనవాళ్ళలో మొదటివారు మా బాయిలర్ మాస్టారు. ఆయన పోయి నలభై రోజులు దాటింది. జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామనీ, ఏదైనా రాసివ్వమనీ ఆయన కోడలు ఫోన్ చేసింది. (ఆ ఇంట్లో అందరూ మాట తక్కువ మనుషులే. "రెండు పేజీలు చాలండీ" అని పెట్టేసింది.) రెండు రోజులు కాగితం ముందు కూర్చుని "మహోన్నత వ్యక్తిత్వం" లాంటి మాటలు రాసి కొట్టేశాను. మాస్టారు చదివి ఉంటే "ఎవరమ్మా ఈయన?" అని అడిగేవారు. అందుకని ఆయన గుణగణాల జోలికి పోకుండా, ఒకసారి ఆయన రోడ్డు మీద నుంచి ఏరి తెచ్చిన రాయి గురించీ, దాని మూలంగా నేను మూడు రోజులు పడ్డ అవస్థ గురించీ రాస్తున్నాను. రెండు పేజీలు దాటితే కోడలు గారు క్షమించాలి.

మా ఆఫీసు గవర్నర్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. కింద లారీలోంచి బిందెలు దించుతున్నంతసేపూ పైన మేము ఫోన్లు ఎత్తేవాళ్ళం కాదు. చేసే పని మాత్రం గంభీరమైనది. కరెంటు తయారయ్యే చోట బాయిలర్ నడపడం నేర్చుకునేవాళ్ళకి నిజం బాయిలర్ అప్పగించి నేర్చుకోమనలేరు కదా. అందుకని కంప్యూటర్‌లో ఒక బాయిలర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం రాశాం. సిమ్యులేటర్ అంటారు దాన్ని. తెర మీద వాల్వు తెరిస్తే నీళ్ళు పెరుగుతాయి, మూస్తే తగ్గుతాయి. తప్పు చేస్తే ఏదీ పేలదు, ఎర్రదీపం వెలిగి మార్కులు తగ్గుతాయి. మాస్టారు ముప్పై ఏళ్ళు నిజం బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మా దొంగ బాయిలర్ అసలుదానిలాగే ప్రవర్తిస్తోందా లేదా అని చూడడం, వచ్చినవాళ్ళకి శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టడం ఆయన పని. సత్యనారాయణపురం నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. కీబోర్డును ఒకే వేలితో, ఒక్కో అక్షరాన్నీ పలకరిస్తున్నట్టు కొట్టేవారు. నేను చేరి నాలుగు నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అయినా ఆ వేలిని చూసినప్పుడల్లా నాకు ఆయన మీద జాలి కలిగేది.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. మా సీనియర్ ప్రోగ్రామర్ గుడివాడ వైపు మనిషి. ఎవరేం చెప్పినా ముందు "నిదానం" అనేవారు. ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు, అందరికీ నిదానం గారే. సిమ్యులేటర్ మొత్తం ఆయన కట్టినది. అందులో మార్కుల లెక్క కట్టే భాగం ఒక్కటీ నాకు అప్పగించారు. అది నా మొదటి సొంత పని. ఇంటికి వచ్చిన చుట్టాలకి కూడా దాని గురించి చెప్పేదాన్ని.

ఒక సోమవారం ముగ్గురు అభ్యర్థులు పరీక్షకి వచ్చారు. శిక్షణ గదిలో నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు ఉండేవి. మాస్టారు మెట్లెక్కి వస్తూ చేతిలో జామకాయంత రాయి ఒకటి పట్టుకొచ్చారు. కింద రోడ్డు వేస్తున్నారు, కంకర కుప్పలు పోసి ఉన్నాయి. ఆయన దాన్ని రుమాలుతో తుడిచి నాలుగో బల్ల మీద పెట్టారు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతున్నాయి కాబట్టి అందుకే తెచ్చారనుకుని, హాజరు పట్టీ తీసుకెళ్ళి దాని కింద పెట్టాను కూడా. మాస్టారు నా వైపు ఒకసారి చూశారు. తరవాత కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఒకే వేలితో, ఎంతమందో, ఎవరెవరో నమోదు చేసుకున్నారు. పరీక్ష గంటసేపు జరిగింది. బాయిలర్ మీద భారం పెరుగుతూ తగ్గుతూ ఉంటే నీటిమట్టాన్ని గీత దగ్గర నిలబెట్టాలి. మట్టం గీతకి ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. ప్రోగ్రాం సెకనుకోసారి నూటికి ఇన్నని వేసుకుంటూ పోయి, చివరికి సగటు కట్టి చెబుతుంది.

ఒకాయనకి ఎనభై రెండు, ఇంకొకాయనకి డెబ్భై నాలుగు, మూడో ఆయనకి అరవై తొమ్మిది వచ్చాయి. మూడో ఆయన కొండపల్లి మనిషి. వాళ్ళ నాన్న, తాత పొణికి చెక్కతో బొమ్మలు చేసినవాళ్ళు. ఈయన ఆ పని వదిలి ప్లాంటులో బొగ్గు యార్డులో కాంట్రాక్టు మీద చేరాడు. ఈ పరీక్ష గట్టెక్కితే కంట్రోల్ రూములో పర్మనెంటు ఉద్యోగం. వయసు నిబంధన వల్ల ఇదే ఆఖరి అవకాశం. బ్యాచ్ సగటు కన్నా పది మార్కులకి మించి వెనకబడితే తప్పినట్టు అని ప్లాంటువాళ్ళ రూలు. మా ప్రోగ్రాం బ్యాచ్ సగటు ఎనభై అని అచ్చువేసింది. అంటే ఆయన పదకొండు మార్కులు వెనక ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి బస్సు టికెట్ తీసి వెనక్కి తిప్పి చూపించాడు. దాని మీద పెన్సిల్‌తో చిన్న కూడిక, భాగహారం ఉన్నాయి.

"ఏం అనుకోకండి మేడం. ముగ్గురివీ కలిపి మూడుతో భాగిస్తే నాకు డెబ్భై అయిదే వస్తోందండీ. మీ కాగితంలో ఎనభై ఉంది."

కంప్యూటర్ లెక్క అలా బస్సు టికెట్ మీద వేసే లెక్కలా ఉండదనీ, దశాంశాలతో చాలా లోతుగా కడుతుందనీ ఆయనకి వివరించాను. ఎంత ఓపిగ్గా వివరించానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన అంతా విన్నాడు.

"అంతేనంటారా" అన్నాడు. టికెట్ మడిచి జేబులో పెట్టుకుంటూ, "డెబ్భై అయిదైతే నేను ఉన్నట్టండీ. ఎనభై అయితే పోయినట్టు. అందుకని అడిగాను" అన్నాడు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక కాలిక్యులేటర్ తీశాను. డెబ్భై అయిదు. బ్యాటరీ మీద అనుమానం వచ్చి పక్కవాళ్ళది అడిగి వేశాను. డెబ్భై అయిదే. ఫలితాల ఉత్తరం శుక్రవారం సాయంత్రానికి ప్లాంటుకి చేరాలి. లెక్క కట్టినది నా ప్రోగ్రాం. ఒక మనిషి ఆఖరి అవకాశం పోతోందన్న దిగులు సగం, నా ఉద్యోగం ఏమవుతుందన్న దిగులు సగం అని రాస్తే మర్యాదగా ఉంటుంది. నిజానికి ఆ మంగళవారం మధ్యాహ్నం నాకున్న దిగులు ఒక్కటే: తప్పు నాది కాదని ఎలా తేల్చాలి?

నిదానం గారికి మాత్రం చెప్పాను. ఆయన "నిదానం" అని, ప్రోగ్రాం తన లెక్కలు ఎక్కడ ఎలా దాచుకుంటోందో చూడమన్నారు. నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి దాని కడుపులో ఏముందో చూసే సాధనం ఒకటి ఉంటుంది (డీబగ్గర్ అంటారు, పేరు వింటే చేసే పనికన్నా ఎక్కువ భరోసా ఇస్తుంది). పరీక్షలో ఎవరేం నొక్కారో అంతా రికార్డయి ఉంది కాబట్టి, దాన్నే మళ్ళీ నడిపించి చూడవచ్చు. నేను రాసిన ఏర్పాటు ఇదీ: ఒక్కో అభ్యర్థికి ఒక వరస. వరసలో నాలుగు గళ్ళు. ఎన్నిసార్లు మార్కులు వేశాం, మొత్తం ఎంత, అన్నిటికన్నా తక్కువ ఎంత, అన్నిటికన్నా ఎక్కువ ఎంత. ఒకరి వరస పక్కన ఇంకొకరి వరస, మధ్యలో ఖాళీ లేకుండా. కానీ ఆ సాధనం వాటిని మనం రాసుకునే అంకెల్లా చూపించదు. అంకెల మధ్య అక్షరాలు కలిపి, జంటలు జంటలుగా చూపిస్తుంది. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని వాటిని ఎత్తిరాయడం మొదలుపెట్టాను. సాయంత్రానికి నాకొక పెద్ద తప్పు దొరికింది. మొదటి అభ్యర్థికి మార్కులు మూడున్నర వేల సార్లు వేసి ఉండాల్సింది, కోట్లలో వేసినట్టుంది. పరుగెత్తుకెళ్ళి నిదానం గారికి చూపించాను. ఆయన నోటుపుస్తకం చేతిలోకి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చేశారు.

"ఈ మెషీను అంకెని తోక వైపు నుంచి దాస్తుందమ్మాయ్. చివరి జంట ముందు, ముందు జంట చివర. తిరగేసి చదువు."

అంటే ఆ రోజంతా నేను ఎత్తిరాసింది వెనక నుంచి ముందుకు. బుధవారం పొద్దున మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగరాశాను. ఈ మధ్యలో మాస్టారు రెండుసార్లు నా బల్ల దగ్గర ఆగారు. "ఏంటమ్మాయ్ అంత దీక్షగా రాస్తున్నావు?" అని అడిగారు. ఆయనకి చెప్పడం వల్ల ప్రయోజనం ఏమీ లేదని నాకు తెలుసు.

"మీకు అర్థం కాదండీ మాస్టారూ, ఇది మెమరీ విషయం" అన్నాను.

"సరే" అని, టీ తాగమని చెప్పి వెళ్ళిపోయారు. (ఆ మాటకి ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకుని ఉంటే నాకు ఇప్పుడు కొంచెం తేలికగా ఉండేది.)

బుధవారం మధ్యాహ్నానికి ముగ్గురి వరసలూ తిన్నగా చదవగలిగాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొండపల్లి ఆయన వరసలో తక్కువ నలభై, ఎక్కువ తొంభై తొమ్మిది. మనిషి గంటసేపూ ఎంత కష్టపడ్డాడో ఆ రెండు అంకెల్లో కనిపిస్తోంది. ఊరికే, అలవాటు కొద్దీ, మూడో వరస దాటి ముందుకి చూశాను. అక్కడ ఏమీ ఉండకూడదు, సున్నాలుండాలి. కానీ ఇంకో వరస ఉంది. నాలుగు గళ్ళూ నిండి ఉన్నాయి. ఎన్నిసార్లు అన్న చోట మిగతావాళ్ళకి ఉన్నంతే. తక్కువ తొంభై నాలుగు, ఎక్కువ తొంభై ఆరు. సగటు కడితే తొంభై అయిదు. అది కూడా కలిపి నాలుగుతో భాగిస్తే సరిగ్గా ఎనభై.

ఆనందంగా నిదానం గారి దగ్గరకి వెళ్ళి, ఆయన కట్టిన చోట ఎక్కడో పాత చెత్త మిగిలిపోయి నా లెక్కలోకి వచ్చి పడుతోందని చెప్పాను. చెత్త అనే మాట కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను. ఆయన తెర వైపు చాలాసేపు చూశారు.

"చెత్త అయితే ఇంత పద్ధతిగా ఉండదమ్మాయ్. గంటసేపు గీత దాటలేదు. ఇంత బాగా బాయిలర్ నడిపేవాడు మన దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరు. మాస్టారు కూడా తొంభై దాటేవారు కాదు. ప్రోగ్రాంలో అభ్యర్థుల సంఖ్య ఎంత ఉందో చూస్తే అక్కడితో అయిపోయేది. ఆ సంఖ్య ఒక్కటే నేను చూడలేదు. ఎందుకు చూస్తాను? కుర్చీల్లో ముగ్గురు కూర్చోవడం నా కళ్ళతో చూశాను.

గురువారం కొండపల్లి ఆయన్ని మళ్ళీ పిలిపించాం. సోమవారం నాటి నమోదు అలాగే ఉంచి, మూడో బల్ల దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి బాయిలర్ నడపమన్నాం. నిదానం గారు పక్క గదిలో డీబగ్గర్ ముందు కూర్చుని వరసలు చూస్తున్నారు. నేను శిక్షణ గదిలో నోటుపుస్తకంతో నిలబడ్డాను. కింద నుంచి టీలు వచ్చాయి. నా గ్లాసు పెట్టుకోవడానికి నాలుగో బల్ల తప్ప చోటు లేదు, అక్కడ రాయి అడ్డంగా ఉంది. దాన్ని పక్కకి జరిపి గ్లాసు పెట్టాను. సోమవారం నుంచి ఆ రాయిని అలా ఎన్నిసార్లు జరిపానో లెక్క లేదు. ఈసారి అది ఒక్క దొర్లు దొర్లి కీబోర్డు మీద నిలబడింది.

పక్క గదిలోంచి నిదానం గారి గొంతు వినిపించింది. ఎప్పటిలాగే తొందర లేదు అందులో.

"అమ్మాయ్, నాలుగోవాడు కదిలాడు."

నేను వెనక్కి తిరిగి చూశాను. గదిలో కొండపల్లి ఆయన తప్ప ఎవరూ లేరు. "తొంభై... ఎనభై... డెబ్భై. పడిపోతున్నాడమ్మాయ్" అంటున్నారు నిదానం గారు. అప్పుడు నాలుగో తెర మీద ఎర్రదీపం వెలిగింది. అది చూసి కొండపల్లి ఆయన ఉండబట్టలేక చెయ్యి చాపి, కీ మీద నుంచి రాయిని తీసి పక్కనున్న కాగితం మీద పెట్టి, పెరిగిపోతున్న నీటిని సర్దాడు. తన బాయిలర్ సంగతి వదిలేసి ఎవరిదో తెలియని బాయిలర్ సర్దాడు. "కోలుకుంటున్నాడు" అని వినిపించింది పక్క గదిలోంచి.

నేను ఆ రాయి వైపు చూశాను. దాని కింద సోమవారం నాటి హాజరు పట్టీ ఇంకా ఉంది.

మాస్టారు తన గదిలో పేపరు చదువుకుంటున్నారు. నాలుగో బల్ల దగ్గర ఎవరండీ అని అడిగితే, నేను అడగడమే ఆలస్యం అన్నట్టు చెప్పేశారు.

"రాయమ్మా. ముగ్గుర్ని పట్టుకుని పరీక్షకి ఎలా కూర్చోబెడతాను? ముగ్గురు కలిసి ఒక పనికి వెళ్ళకూడదు. నాలుగోదిగా రాయి ఉండాలి. నాలుగు అని కొట్టాను, మూడు పేర్లు రాశాను. రాయికి పేరెందుకని నాలుగోది ఖాళీగా వదిలేశాను."

ఆయన నాలుగు అనగానే ప్రోగ్రాం నాలుగు బాయిలర్లు వెలిగించింది. నాలుగోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది ఆటోమేటిక్ మీద హాయిగా నడిచింది. పేరు లేనివాళ్ళని కాగితం మీద అచ్చు వెయ్యకూడదని నేనే రాశాను. సగటులో కలపకూడదని మాత్రం రాయలేదు.

"ఇంత సైన్సు తెలిసినవారు మీరు, ఇదేంటి మాస్టారూ" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"బాయిలర్ దగ్గర సైన్సే. గడప దాటేటప్పుడు మాత్రం మా అమ్మ చెప్పిందే" అన్నారు. "అయినా మొదటి రోజే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా. మెమరీ విషయమన్నావు, నాకెందుకులే అనుకున్నాను."

నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కొండపల్లి ఆయనకి ఇంకో సందేహం ఉంది.

"అయితే మాస్టారూ, నాకు రాయి కన్నా తక్కువ వచ్చాయాండీ?"

"నీకొక్కడికేంటి అబ్బాయ్, ముగ్గురికీ తక్కువే. నువ్వు నిమిషానికి నాలుగుసార్లు వాల్వు తిప్పుతావు. చెక్క పని చేసిన చెయ్యి, ఊరుకోదు. తిప్పడం నీకు వచ్చు, తిప్పకుండా కూర్చోవడం నేర్చుకో. రాయికది పుట్టుకతో వచ్చింది."

ఆయన తల వంచుకుని నవ్వాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ప్రోగ్రాంలో ఒక్క పంక్తి మార్చాను. సగటు డెబ్భై అయిదుకి దిగింది, కొండపల్లి ఆయన నిలబడ్డాడు. ఉత్తరం రాయడానికి మాత్రం గురువారం సాయంత్రమంతా పట్టింది. తేడా ఎందుకొచ్చిందో ప్లాంటువాళ్ళకి నిజం చెప్పాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. నేను "నాలుగవ అభ్యర్థి గైర్హాజరు" అని రాస్తే ఒప్పుకోలేదు. "అబద్ధం రాయకమ్మా. సోమవారం పొద్దున్నించీ బల్ల మీదే ఉన్నాడు" అన్నారు. చివరికి నిదానం గారు, ఒక పేరు లేని స్థానం పొరపాటున లెక్కలో కలిసిందనీ, దాన్ని తొలగించి ఫలితాలు సవరించామనీ రాశారు. మాస్టారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. నా ఉద్యోగం ఎలా ఖాయమైందో నాకు తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మాస్టారు పోయిన వారానికి మేము ముగ్గురం ఆయన ఇంటికి వెళ్ళాం. నిదానం గారు గుడివాడ నుంచి వచ్చారు. కొండపల్లి ఆయన ఇప్పుడు కంట్రోల్ రూములో షిఫ్టు ఇన్‌చార్జి, సెలవు పెట్టి వచ్చాడు. పాత ఆఫీసు కింద కలుసుకుని ఆటో మాట్లాడుకున్నాం. ఎక్కబోతూ కొండపల్లి ఆయన ఆగాడు.

"ముగ్గురమే ఉన్నామండీ."

"పరామర్శకి ఆ పట్టింపు లేదయ్యా, శుభకార్యానికే" అన్నారు నిదానం గారు.

"నిజమేననుకోండి. కానీ ఆయన దగ్గరకి రాయి లేకుండా ఎలా వెళ్తామండీ."

నిదానం గారు ఈసారి నిదానం అనలేదు. ఇలాంటి పట్టింపులంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ డ్రైను కోసం తవ్విన మట్టికుప్ప నాకే దగ్గరగా ఉంది. వంగి, జామకాయంతది ఒకటి చూసి తీసి, కొంగుతో తుడిచాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి ఆ రాయి వైపు అనుమానంగా చూసి, "గొడవేం లేదు కదా మేడం?" అన్నాడు. లేదని చెప్పాం.

మాస్టారి కోడలు ముందు గదిలో కుర్చీలు వేసింది. ఎక్కడ పెట్టాలో తోచక రాయిని ఖాళీ కుర్చీలో పెట్టాను. ఆమె దాన్ని చూసింది, మమ్మల్ని చూసింది, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళింది. కాసేపటికి మజ్జిగ తెచ్చింది. పళ్ళెంలో నాలుగు గ్లాసులున్నాయి.

మజ్జిగ తాగాం. నాలుగో గ్లాసు అలాగే ఉండిపోయింది. నేను దాని వైపే చూస్తూ ఆ మూడు రోజుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. గవర్నర్‌పేటలో ఆ మెట్లెక్కి నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వచ్చే అమ్మాయి ఎదురైతే, ఆ రాతలు కాసేపు ఆపి, తలెత్తి గదిలో ఎవరెవరున్నారో ఒకసారి చూడమని చెప్పాలనిపిస్తుంది. వినదు. నన్ను చూసి జాలిపడి, ఎంతో ఓపిగ్గా, "మీకు అర్థం కాదండీ, ఇది మెమరీ విషయం" అంటుంది.